20 ఏండ్ల బండికి జరిమానా దేనికి?

మన దేశపు మోటారు వాహన నిబంధనల దృష్టిలో కారునకు గౌరవప్రదమైన దశలు రెండే కలవు. కొన్న నాటినుండి 15 ఏండ్ల వరకు అది యౌవనములో ఉన్నట్లు లెక్క. ఆ కాలమున దాని ఆరోగ్యమును గూర్చి ఎవరును అంతగా విచారింపరు. 50 ఏండ్లు నిండిన పిమ్మట, మార్పులకు లోబడక మొదటి రూపముతోనే నిలిచియున్నచో, 2021 జూలైలో వెలువడిన నిబంధనల ప్రకారము అది ‘వింటేజ్’ వాహనమై, ‘వీఏ’ అను అక్షరములు గల ప్రత్యేకమైన నంబరు పలకను ధరించి, ప్రదర్శనలలో పూలమాలలు వేయించుకొను పెద్దమనిషి యగును. ఈ రెంటి నడుమనున్న 35 ఏండ్లు మాత్రము దానికి శిక్షాకాలము. 2022 మార్చి వరకు 600 రూపాయలుగా ఉండిన రిజిస్ట్రేషను రెన్యువల్ రుసుము ఏప్రిల్ 1వ తేదీనుండి 5,000 రూపాయలైనది. 2025 ఆగస్టులో వచ్చిన సవరణతో, 20 ఏండ్లు దాటిన కారునకు అది 10,000 రూపాయలైనది. బ్రేకులు సరిగా పట్టుచున్నవా, అడుగు రేకు గట్టిగా ఉన్నదా, పొగ ఎంత వచ్చుచున్నది అను ప్రశ్నలతో ఈ రుసుమునకు ఏ సంబంధమును లేదు. పుట్టిన తేదీ ఒక్కటే దానికి ఆధారము.

ఈ వ్యవహారమంతయు నాకు హనుమకొండలోని మా ఇంటి వాకిట నిలిచియున్న ఒక పాత టాటా ఇండిగో మెరీనా మూలమున తెలియవచ్చినది. ఉమ్మడి రాష్ట్రములో వరంగల్ జిల్లాకు ఏపీ 36 అను సంఖ్య యుండిన నాటి బండి అది; జిల్లా ముక్కలై, సంఖ్యలు టీఎస్ అయి, తరువాత టీజీ అయినను, దాని నుదుట వ్రాసినది మాత్రము మారలేదు. దానిని నేను కొన్న వెల ఒక మంచి కొత్త స్కూటరు వెల కంటె తక్కువ. తెచ్చి నిలిపిన సాయంకాలమే ఎదురింటి పెద్దాయన గేటు దగ్గరకు వచ్చి, చేతులు వెనుకకు కట్టుకొని దాని చుట్టు తిరిగి చూచి, “ఏంది సారూ, అంబులెన్సు కొన్నరా?” అని అడిగెను. ఆయన ప్రశ్నలో వెటకారము కొంత యున్నను, చరిత్ర కూడ కొంత యున్నది.

ఏలయన, వెనుక సీటు మీదుగా పైకప్పు తోకవరకు సాగి, అచ్చట పైకి లేచు పెద్ద తలుపుతో ముగిసి, సీటు మడిచినచో మనిషి కాళ్లు చాపుకొని పరుండదగినంత చోటు ఏర్పడు ఈ విధమైన బండిని, అనగా స్టేషన్ వ్యాగన్‌ను, మన జనులు చిరకాలము ఆసుపత్రి ముంగిటనే చూచియుండిరి. అంబాసిడర్‌ను తోకవరకు పెంచి కట్టిన బండ్లు ఆసుపత్రులకు పోయినవి గాని గృహస్థుల ఇండ్లకు అంతగా రాలేదు. నాడు టెల్కో అను పేరుతో నుండిన టాటా వారు తమ 207 పికప్ చట్రము ఆధారముగా 1992లో ఎస్టేట్ అను డీజిల్ బండిని విడుదల చేసిరి. అది చూపునకు మెర్సిడెస్ వలె నున్నదని మురిసిన వారు మురిసిరి, కొనవలసిన వారు మాత్రము తగినంతమంది కొనలేదు. ఆ తరువాత మారుతి బలేనో ఆల్టురా, ఫియట్ వారి సియెనా వీకెండ్, స్కోడా ఆక్టేవియా కోంబి వచ్చినవి, పోయినవి. 2004లో వచ్చిన మెరీనాయు ఆ దశాబ్దము గడచునప్పటికి కనుమరుగైనది. స్వీడను దేశపు వోల్వో 240 వ్యాగన్ 1974 నుండి 1993 వరకు తయారై, ఐరోపాలో సంసారుల బండి యని పేరు తెచ్చుకొనగా, ఇచ్చట అదే ఆకృతి గల బండ్లకు ఒక దశాబ్దమైనను ఆయువు చాలకుండుటకు కారణమేమి?

డిక్కీ ప్రతిష్ఠ ఒక కారణము. ముందొక పెట్టె, నడుమ కూర్చుండు గది, వెనుక మరియొక పెట్టె యున్నగాని అది కారు కాదని పెండ్లికొడుకు తరఫువారు మొదలుకొని బ్యాంకు మేనేజరు వరకు అందరు నమ్మిన కాలమది. అంతకంటె బలమైన కారణము పన్ను. 2006 బడ్జెటులో కేంద్రము, నాలుగు మీటర్లకు లోబడిన పొడవును, పెట్రోలైనచో 1200 సీసీకి, డీజిలైనచో 1500 సీసీకి మించని ఇంజనును గల చిన్న కార్లకు ఎక్సైజు సుంకమును 24 శాతము నుండి 16 శాతమునకు తగ్గించినది. ఆ గీతతో దేశములోని కార్ల తోకలన్నియు తెగినవి. టాటా వారే తమ ఇండిగో వెనుక భాగమును కోసి, నాలుగు మీటర్ల లోపునకు కుదించి, 2008లో ఇండిగో సీఎస్ అను పేరుతో అమ్మిరి. తోకయే ప్రాణముగా గల వ్యాగన్ ఏమి కోసికొనగలదు? 2025 సెప్టెంబరులో జీఎస్టీ శ్లాబులు మారినప్పుడు కూడ ఆ నాలుగు మీటర్ల గీత చెక్కుచెదరలేదు: గీత లోపలి చిన్న కారుకు 18 శాతము, వెలుపలి దానికి 40 శాతము. వస్తువు యొక్క ఉపయోగమును బట్టి గాక, టేపుతో కొలిచిన పొడవును బట్టియు, క్యాలెండరుతో కొలిచిన వయస్సును బట్టియు పన్ను విధించుట మన పాలకులకు సులభముగా తోచుచున్నది. కొలత సులభమైనంత మాత్రమున న్యాయము సులభము కాదు గదా.

అయినను, కొత్త బజారులో నెగ్గలేని వస్తువు పాత బజారులో చవుకగా దొరకుట గృహస్థునకు అదృష్టమే. వరంగల్ వంటి ఊరిలో వ్యాగన్ ఎందులకు పనికివచ్చునో తెలియవలెనన్నచో మేడారము జాతర నాటి బయలుదేరుట చూడవలెను. రెండేండ్లకొకసారి మాఘమాసములో సమ్మక్క సారలమ్మలు గద్దెలకు వచ్చు దినములలో, ములుగు, పస్రా, తాడ్వాయి మీదుగా సాగిపోవు ఆ త్రోవలో, కుటుంబమంతయు తమతోపాటు గంజులను, చాపలను, దుప్పట్లను, కట్టెలను, వండుకొనుటకు బియ్యమును, అమ్మవార్లకు మ్రొక్కుకొన్న ‘బంగారము’ను మోసికొని పోవలసియుండును. మనిషి యెత్తు బంగారము, అనగా మనిషి బరువునకు సరితూగు బెల్లము, డిక్కీలో పెట్టినచో కోడి పట్టదు. కోడిని పెట్టినచో పిన్నమ్మ పట్టదు. ఏడుగురు కూర్చుండు ఎత్తైన బండిలో నైనను, మూడవ వరుస సీట్లు నిండిన పిమ్మట వెనుక జానెడు చోటు మిగులును. వ్యాగన్‌లో నలుగురు సుఖముగా కూర్చుండగా, వారి సంసారము వారి వెనుక పరుండును. మోకాళ్లు పనిచేయని వృద్ధులు ఎక్కి దిగుటకు కూడ నేలకు చేరువగానున్న ఈ బండియే మేలు. మా అమ్మకు చక్రముల కుర్చీ వచ్చినప్పటినుండి ఈ సంగతి మా ఇంట చర్చింపవలసిన అవసరము లేకపోయినది.

చవుక యని తొందరపడి కొనువారికి ఒక హెచ్చరిక చేయవలసియున్నది. 2023 జూలై నెలాఖరున వరంగల్, హనుమకొండ నగరములు జలమయమై భద్రకాళి చెరువు కట్టకు గండి పడినప్పుడును, 2025 అక్టోబరు చివర మొంథా తుపాను వానలకు మరల కాలనీలు మునిగినప్పుడును, రాత్రికి రాత్రి నీటిలో నిలిచిన బండ్లు ఎన్నో కలవు. వానిలో కొన్ని కడుగబడి, సెంటు పూయబడి, పాత కార్ల బజారునకు వచ్చును. ముందు సీటు బెల్టును చివరంట లాగి చూడవలెను. ఎన్నడును బయటికి రాని ఆ చివరి జానెడులో బురదనీటి గీత కనిపించినచో, అమ్మువాని ప్రమాణములను వినక లేచి రావలెను. కాళ్ల క్రింది మ్యాటును ఎత్తి అడుగు రేకును చేతితో తడిమి చూడవలెను. ఒక చిన్న అయస్కాంతమును జేబులో పెట్టుకొనిపోయి, తలుపుల అంచులకును మడ్గార్డులకును ఆనించి చూచినచో, అది అంటక జారిపోయిన చోట రేకు లేదనియు, రంగు క్రింద లప్పమే యున్నదనియు బోధపడును. ఆర్‌సీలో ఫైనాన్సు వారి పేరు మిగిలియున్నచో వారి ఎన్‌వోసీయు ఫారం 35యు, బండి పేరు మారుటకు ఫారం 29, 30లును ముందే సంతకములతో చేతికి రావలెను. ఇంజను చప్పుడు విని మురియుటకు ఇవన్నియు ముగిసిన తరువాత కూడ కావలసినంత తీరిక యుండును.

ఇంటి వద్ద బండిని బాగుచేసికొనుట వరంగల్ వారికి విదేశములనుండి దిగుమతియైన విలాసము కాదు. 1934లో నెలకొన్న ఆజంజాహి మిల్లులో మగ్గములకును ఇరుసులకును నూనె పోసిన చేతులు, కాజీపేట రైల్వే షెడ్డులలో ఇంజనులను విప్పి బిగించిన చేతులు ఈ ఊరిలో ఎన్నో కుటుంబములకు అన్నము పెట్టినవి. మిల్లు మూతపడినది, ఆ విద్య మాత్రము తండ్రి చేతినుండి కొడుకు చేతికి, అచ్చటినుండి ఆటోనగర్ షెడ్డులకును వీధి మొగదలలోని గ్యారేజీలకును చేరినది. కంపెనీ షోరూములో “అసెంబ్లీ మొత్తము మార్చవలెను సార్” అని కంప్యూటరు చూచి చెప్పు చోట, మన మేస్త్రీ బుష్ ఒక్కటి మార్చి పంపును. ఈ రెంటిలో ఏది శాస్త్రీయమో అను వాదము నాకు అక్కరలేదు. ఏది పొదుపో నాకు తెలియును.

బాగుచేయుటలో ఒక క్రమము కలదు, దానిని తలక్రిందులు చేయుట మనవారికి అలవాటు. బండి రాగానే రంగు వేయించి, కొత్త సీటు కవర్లు తొడిగి, పాటల పెట్టె బిగించి, బ్రేకుల సంగతి దసరాకు వాయిదా వేసెదరు. అట్లు గాక మొట్టమొదట బ్రేకులు, స్టీరింగు, టైర్లు చూడవలెను. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము గలది. ఏండ్ల తరబడి మార్చనిచో అందు చేరిన నీరు ఘాటులలో వేడికి ఆవిరియై పెడలు నేలకు దిగిపోవును. టైరు అరుగకున్నను ముసలిదగును. దాని ప్రక్కన చెక్కియుండు నాలుగంకెలలో మొదటి రెండును వారమును, చివరి రెండును సంవత్సరమును తెలుపును, కావున 1612 అని యున్నచో అది 2012వ సంవత్సరము 16వ వారమున తయారైనదని గ్రహించి, పై గాడులు ఎంత లోతుగా కనబడినను తీసివేయవలెను. పిమ్మట రేడియేటరు. మన ప్రాంతపు బోరునీటిలో సున్నము అధికము. కూలెంటు దండుగ యని ఆ నీటినే పోయుచు వచ్చిన బండ్ల రేడియేటరు గొట్టములు తెల్లని గారతో పూడుకొనిపోయి, మే నెలలో జనగామ దాటక ముందే ఇంజను వేడెక్కి, హెడ్ గ్యాస్కెట్ పోవును. మా మెరీనా రేడియేటరును విప్పి తలక్రిందులు చేసినప్పుడు రాలిన పెళ్లలను ఒక పళ్లెములో పోసి ఎదురింటి పెద్దాయనకు చూపితిని. ఆయన ఆ సాయంకాలమే తన బండికి కూలెంటు తెప్పించెను.

ఇంటి పని యన్నంతమాత్రమున అన్ని పనులు ఇంటనే చేయవలెనని కాదు. విప్పుట, కడుగుట, వెదకుట, తీగలు సరిచూచుట, సీట్లు కుట్టించుకొని వచ్చి బిగించుట, రంగునకు ముందు నీళ్ల కాగితముతో రుద్దుట మనము చేయదగినవి. డీజిల్ పంపును నాజిళ్లను వాటి పనివారికే అప్పగింపవలెను. వెల్డింగు ఇంధనపు ట్యాంకు దరిదాపుల తెలియనివాడు చేయరాని పని. జాకీ ఒక్కదానిని నమ్మి బండి క్రింద దూరుట అన్నింటికంటె పెద్ద అవివేకము; నాలుగు ప్రక్కల గట్టి దిమ్మలు పెట్టి, చేతితో ఊపి చూచినగాని తల క్రిందికి పోనీయరాదు.

వెనుక తలుపు క్రింది అంచు తుప్పుపట్టి, వేలు పెట్టినచో లోపలికి పోవు స్థితిలో నుండగా, దానిని ఆటోనగర్‌కు తీసికొనిపోతిని. అచ్చటి టింకరింగ్ మేస్త్రీ, చెవిలో పెన్సిలు, కండ్లకు దారముతో కట్టిన అద్దములు గల పెద్దమనిషి, తలుపు ఎత్తి క్రిందనుండి చూచి, చూపుడు వేలితో అంచున ఒక చోట గీకి, “సారూ, నీళ్లు పోయే తూట్లు మూస్కపోయినయి, అందుకే కుళ్లింది” అనెను. నిజమే, తలుపు లోపలికి దిగిన వాననీరు బయటికి పోవుటకు తయారుచేసినవారు అడుగున చిన్న రంధ్రములు విడిచియుండగా, ఎవరో ఒకనాడు వేసిన రంగును, ఏండ్ల దుమ్మును కలిసి వానిని పూడ్చివేసినవి, వాన వెలిసినను తలుపులో వాన నిలిచియున్నది. “లప్పం పెట్టుమంటే పెడ్త. ఏడాదికి పొంగుతది. తుప్పంత కోసి కొత్త రేకు అతకాలె. మీకేది కావాల్నో ముందుగాల చెప్పుండ్రి” అని ఆయన నిలిచెను.

రేకే కావలెనంటిని. అప్పుడాయన చేసిన పని చూడదగినది. కుళ్లిన భాగమును గట్టి రేకు తగులువరకు కోసివేసి, ఆ ఖాళీకి అట్టముక్కను ఆనించి గీత గీసి కత్తిరించి, ఆ అట్టను రేకుపై పెట్టి మరల గీసి, రేకును పట్టాపై పెట్టి చిన్న సుత్తెతో వంపు తెచ్చెను. అతుకు ఒక మూలనుండి మరియొక మూలకు వరుసగా పోలేదు. ఇచ్చట ఒక చుక్క, జానెడు దూరమున ఒక చుక్క, మరల వెనుకకు వచ్చి ఒక చుక్క. ఒకే చోట వేడి నిలిచినచో పలుచని రేకు అలలు దేలునట. అటుపిమ్మట గ్రైండరు, రెడ్ ఆక్సైడ్, అతుకుల మీద సీలెంటు, కాగితమంత పలుచగా లప్పము. చివర ఒక సన్నని మేకు తీసికొని, పూడుకొనిపోయిన రంధ్రములను ఒక్కొక్కటిగా తెరచి, లోపలికి పాత ఇంజన్ ఆయిలు పిచికారీ చేసి, “ఇగ వానకాలం రానియ్యుండ్రి” అనెను. ఆ మేకుతో చేసిన పనికి బిల్లులో పద్దు లేదు. బండి ఆయువును పెంచినది అదియే.

వేయిస్తంభముల గుడి ఈ ఊరివారికి ఈ విషయమున ఒక పెద్ద పాఠమును కండ్లయెదుట నిలిపినది. 1163లో రుద్రదేవుడు కట్టించిన ఆ ఆలయపు కల్యాణమండపము కుంగిపోవుచుండగా, పురావస్తు శాఖవారు ఈ శతాబ్దపు మొదటి దశాబ్దములో దానిని విప్పివేసి, శిలలకు సంఖ్యలు వేసి పరచి, పునాదిని సరిచేసి మరల నిలబెట్టుటకు పూనుకొనిరి. ఆ పని ముగిసి 2024 మార్చిలో శివరాత్రినాడు మండపము మరల తెరువబడువరకు రెండు దశాబ్దములకు దగ్గరగా గడచినది. ఆలస్యమును గూర్చి ఊరిలో చెప్పుకొనని మాట లేదు. అయినను ఎవరును, ‘800 ఏండ్లు దాటినది, కూల్చి కొత్తది కట్టుడు’ అని అనలేదు. విప్పిన ప్రతి ముక్కకును సంఖ్య వేయవలెనను ఆ పద్ధతి బండి విప్పువానికి కూడ అక్కరకు వచ్చునదియే: విప్పిన బోల్టులను చిన్న సంచులలో వేసి, పేరు వ్రాసి, విప్పక ముందు ఫోను కెమెరాతో బొమ్మ తీసియుంచనిచో, బిగించునాడు చేతిలో మిగిలిన నాలుగు బోల్టులు నిద్రపట్టనీయవు.

ఇక సామానుల సంగతి. మెరీనా అదృష్టమేమనగా, దాని ఇంజను, సస్పెన్షను మొదలైనవి చాలభాగము ఇండికాతో పంచుకొన్నవి. 1998లో ఢిల్లీ ప్రదర్శనలో వెలుగుచూచిన ఆ ఇండికా, తరువాత తెలుగు నేలపై టాక్సీగా ఎంత తిరిగినదో మనమందరము ఎరుగుదుము. కావున బుష్‌లు, బేరింగులు, క్లచ్ ప్లేటు వంటివి నేటికిని హైదరాబాదు పుత్లీబౌలిలోను, విజయవాడ ఆటోనగర్‌లోను దొరకును. 2025 సెప్టెంబరునుండి వాహన విడిభాగములన్నింటికి జీఎస్టీ 18 శాతముగా ఏకరీతియైనది. పాత బండ్లవారికి ప్రభుత్వము చేసిన మేలులలో, ఉద్దేశించి చేయకున్నను, ఇది యొకటి. చిక్కంతయు వ్యాగన్‌కు మాత్రమే చెందిన వస్తువులతోనే: వెనుక అద్దము, తోకదీపములు, వెనుక తలుపు రబ్బరు, దానిని ఎత్తిపట్టు గ్యాసు కడ్డీలు. ఈ కడ్డీలు బలము తప్పిన బండ్లలో తలుపు నెత్తిన పడకుండ వెదురుకర్రను మోటుగా ఆనించుట మన ఊరి సంప్రదాయము. తుక్కు అంగళ్లలో మెరీనా శవములను వెదకి తెచ్చుకొనువారికే అవి లభించును. కేంద్ర వినియోగదారుల శాఖవారు 2022లో ‘రైట్ టు రిపేర్’ అను పేరుతో పోర్టలును తెరచి, అందు మోటారు వాహనములను కూడ చేర్చిరి. శుభము. కాని తయారీ నిలిచిన బండికి ఎన్నేండ్లవరకు విడిభాగములు అమ్మవలెనో కంపెనీలను కట్టడి చేయు చట్టము రానంతవరకు, ఆ హక్కు తలుపు లేని వాకిలి.

ఈ శ్రమయంతయు లెక్కకు నిలుచునా యని అడుగువారు కలరు. నిష్కపటముగా చెప్పవలెనన్నచో, బాగుచేసిన బండిని మరల అమ్మి లాభము పొందదలచినవాడు ఈ పనికి దిగరాదు. పెట్టిన సొమ్ము కూడ తిరిగిరాదు. కాని ఏడేండ్ల వాయిదాల మీద కొత్త బండి కొని, మొదటి ఏడు తిరుగకముందే దాని వెలలో గణనీయ భాగమును పోగొట్టుకొనువానిని ఎవరును ఈ ప్రశ్న అడుగరేమి?

పొగను గూర్చిన ఆక్షేపణ మాత్రము తేలికగా త్రోసివేయదగినది కాదు. దేశమంతట బీఎస్-4 ప్రమాణములు 2017 ఏప్రిల్‌లోను, బీఎస్-6 ప్రమాణములు 2020 ఏప్రిల్‌లోను అమలునకు వచ్చినవి. అంతకు పూర్వపు డీజిల్ బండి ఎంత బాగుచేసినను నేటి బండి వలె శుభ్రము కాజాలదు. పొల్యూషన్ సర్టిఫికెటు పరీక్షలో పాత డీజిళ్లకు 65 హార్ట్రిడ్జ్ యూనిట్ల వరకును, బీఎస్-4 వానికి 50 వరకును పొగ అనుమతింపబడును. ఆ పరీక్ష పొగ నలుపును కొలుచును గాని నైట్రోజన్ ఆక్సైడులను కొలువదు. ఢిల్లీ వంటి ఊపిరాడని నగరములో 10 ఏండ్ల డీజిళ్లను, 15 ఏండ్ల పెట్రోలు బండ్లను తిరుగనీయరాదని 2018లో సుప్రీంకోర్టు సమర్థించినప్పుడు దానికి బలమైన హేతువు కలదు. కాని వరంగల్ ఢిల్లీ కాదు. నెలకు నాలుగుసార్లు కదలు గృహస్థుని బండియు, దినమునకు 300 కిలోమీటర్లు తిరుగు టాక్సీయు ఒకే తూకమునకు వచ్చునవి కావు. నాజిళ్లు సరిచేయించి, గాలి ఫిల్టరు మార్చి, పొగను సగమునకు దించినవానికిని, నల్లని మేఘమును విడుచుచు బల్ల క్రింద సర్టిఫికెటు తెచ్చుకొన్నవానికిని ఒకే 10,000 రూపాయల రుసుము వేసినచో, మొదటివాడు రెండవవాని వద్ద విద్య నేర్చుకొనును.

ఇతర దేశముల రీతి చూడుడు. బ్రిటనులో కారు మూడేండ్లు దాటినది మొదలు ఏటేట ఎంఓటీ పరీక్షకు పోవలెను. పరీక్ష కఠినము, రుసుము మాత్రము మూడేండ్ల బండికైనను ముప్పది యేండ్ల బండికైనను 54.85 పౌండ్లకు మించరాదు. 40 ఏండ్లు దాటిన వానికి అచ్చట చారిత్రక వాహనములుగా పన్ను మినహాయింపు కలదు. జర్మనీలో 30 ఏండ్లకే, అసలు రూపము చెడకున్నచో, నంబరు చివర ‘హెచ్’ అను అక్షరము దక్కును. మన 50 ఏండ్ల నియమము ప్రకారము 2004 నాటి మెరీనా 2054 వరకు వేచియుండవలెను. అంతవరకు దానికి రేకు మిగులునా, దానిని అతుకు మేస్త్రీ మిగులునా?

కావున రుసుము వయస్సుతో గాక పరీక్షతో ముడిపడవలెను. యంత్రములతో బండ్లను పరీక్షించు కేంద్రములు అంతట రావలెనని కేంద్రమే చెప్పుచున్నది. వరంగల్‌లో అట్టి కేంద్రమున బ్రేకు, స్టీరింగు, అడుగు రేకు, పొగ అను నాలుగింటిని కొలిచి, నెగ్గిన బండికి 600 రూపాయల పాత రుసుముతోనే అయిదేండ్ల రెన్యువల్ ఇచ్చి, ఓడినదానిని 20 ఏండ్లదైనను ఏడేండ్లదైనను త్రోవమీదినుండి దించవలెను. వింటేజ్ గౌరవమునకు 50కి బదులు 30 ఏండ్ల నియమమును చేయుట కేంద్రము చేతిలోని పని. రాష్ట్రము చేతిలో ఒకటి కలదు. 2024లో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్ వారితో కలిసి అధునాతన శిక్షణ కేంద్రములుగా మార్చుటకు ప్రభుత్వము పూనుకొనినది. అచ్చట రోబోలు వచ్చుచున్నవి, విద్యుత్ వాహనముల పాఠములు వచ్చుచున్నవి, రావలసినవే. రెండేండ్ల మోటారు మెకానిక్ కోర్సు చదువు పిల్లలకు, తుక్కునకు పోవలసిన పాత వ్యాగన్ ఒకదానిని తరగతికొకటి చొప్పున ఇచ్చి, చెవిలో పెన్సిలు పెట్టుకొను ఆ మేస్త్రీ వంటివారికి డిగ్రీ అడుగక, గంటకింత యని గౌరవ వేతనమిచ్చి పిలిపించుటకు మాత్రము కొత్త బడ్జెటు అక్కరలేదు; ఆటోనగర్‌కు ఒక ఉత్తరము వ్రాసిన చాలును.